ఎనభై శాతం ఉస్తాద్

కొయ్య చెక్కడానికి పేరున్న మా సహారన్‌పూర్‌లో నలభై ఏళ్లు ఉలి పట్టిన ముస్తకీమ్ ఉస్తాద్, తస్లీమ్ సేఠ్ కార్ఖానా హాజరు పుస్తకంలో ఐదేళ్లుగా 'హెల్పర్'. చెక్కే యంత్రం వచ్చిన వారమే ఆ మాట రాశారు. తక్కిన చెక్కడంవాళ్లని ఇంటికి పంపారు. యంత్రం బిట్, అంటే తొలిచే ములుకు, గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి లోపలి మూలలు దానికి అందవు. ఆ మూలలు ఉలితో తీర్చడానికి ఈయన్ని ఉంచుకున్నారు. ఆయన గీసిన ద్రాక్షతీగలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి 'తస్లీమ్ డిజైన్' ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టుకున్నారు. వాటి మూలలూ ఉస్తాదే తీర్చాడు.

ఈ ఏడు మాత్రం ఒక్క మాట కావలసివచ్చింది. కళ్లలో శుక్లాలు ముదిరాయి. సర్కారు చేతిపనివాళ్లకిచ్చే కార్డుంటే ఆపరేషన్ ఉచితం. వయసు అరవై నిండేలోగా దరఖాస్తు పెట్టాలి, ఈయన కారీగర్, చెక్కడంవాడే అని సేఠ్ రాసివ్వాలి.

"సేఠ్‌జీ, హెల్పర్ కొట్టేసి కారీగర్ అని రాయండి. అంతే."

"చెక్కేది మిషనైతే మీరు కారీగర్ ఎట్లా అవుతారు చాచా? రోజా ఉపవాసంలో ఉండి అబద్ధం రాయమంటారా?"

సేఠ్ సత్యసంధతకి ఉస్తాద్ సలాం చేసి మూలలు తీర్చుకోవడానికి వెళ్లాడు.

ఆ వారమే హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కి సందుసందుల అల్లికగా చెక్కే జాలీ తెర ఒకటి కావాలని కబురొచ్చింది. ఉస్తాద్ ఎప్పుడో గీసిన తెర పదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. యంత్రం చెక్కగలిగేది ఎనిమిదడుగులు, నాలుగడుగులు. యంత్రం నడిపే ఉజైర్ డిప్లొమా చదివినవాడు. కంప్యూటర్లో బొమ్మ మూల పట్టుకుని లోపలికి జరిపాడు.

"ఎనభై శాతం. ఫిట్టయిపోయింది!"

ఉస్తాద్ కంప్యూటర్ తెరకి ముక్కు ఆనించి చూశాడు. "బేటా, తీగ సన్నబడింది."

"అన్నీ సమానంగానే తగ్గాయి చాచా. లెక్క తప్పదు."

"బిట్ కూడా తగ్గిందా?"

ఉజైర్ పకపకా నవ్వాడు. యంత్రం ఆరు గంటలు నడిచింది. నాలుగున్నర మిల్లీమీటర్ల సందులు మూడున్నర చిల్లరకి తగ్గాయి, బిట్ మాత్రం నాలుగు మిల్లీమీటర్లదే. యంత్రం మనిషిలా గొణగదు. దూరలేని సందులన్నీ వదిలేసి ముందుకు పోయింది. చెక్కిన తీగలేమో పలక ఎత్తగానే అప్పడాల్లా విరిగాయి.

"ఇది జాలీనా, మీ అత్తగారి రొట్టెల పీటా?" అని సేఠ్ అరిచాడు.

రెండో పలకకి ఉజైర్ సన్నటి బిట్ పెట్టాడు. గట్టి శీషం చెక్కలో పావుగంటకే అది పుటుక్కుమంది.

అప్పుడు అందరికీ హెల్పర్ గుర్తొచ్చాడు. ఉస్తాద్ నేల మీద ఖాకీ కాగితం పరిచి, దాదాపు దానిమీద పడుకుని గీశాడు. మా ఊళ్లో చెక్కడంవాళ్లు ఆకుని బొటనవేలి కణుపుతో కొలుస్తారు. ఆ కొలత మారదు.

"తెర చిన్నదైతే ఆకు చిన్నదవదు బేటా. ఆకుల లెక్క తగ్గుతుంది. పది చుట్లలో రెండు తీసెయ్. ఐదు వరసల్లో ఒకటి తీసెయ్. మలుపుల దగ్గర తీగ ఎట్లా తిరగాలో నేను గీస్తా."

మూడు రోజులు గీశాడు. ఆకు అదే, తీగ అదే, సందు అదే. ఉజైర్ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి నూరు శాతం మీదే నడిపాడు. అంగుళం మిగలకుండా సరిపోయింది. ఒక్క తీగ విరగలేదు.

"ఆ చీటీ, సేఠ్‌జీ..." అన్నాడు ఉస్తాద్.

సేఠ్ సంతోషంగా కలం తీశాడు. తెరకి కట్టే లేబుల్ మీద 'నూటికి నూరుపాళ్లు చేతి చెక్కడం' అని రాశాడు. అదే కలంతో కార్డులిచ్చే సర్కారు దఫ్తరుకి 'యంత్రం దగ్గర హెల్పర్' అని రాశాడు.

ఉజైర్ ఉండబట్టలేకపోయాడు. "రెండూ మీరే రాశారు సేఠ్‌జీ!"

"ఒకటి గిరాకీకి, ఒకటి సర్కారుకి. ఎక్కడ ఎంత పడితే అక్కడికి అంత తగ్గించాలి. నువ్వేగా చూపించావు!"

దరఖాస్తు తిరిగొచ్చింది. కంప్యూటర్లో ఆ బొమ్మకి ఉజైర్ 'ముస్తకీమ్ తీగ' అని పేరు పెట్టాడు. సేఠ్ చూడలేదు, దఫ్తరు చూడదు. ఉస్తాద్‌కి వచ్చే చలికాలంలో అరవై నిండుతాయి. ఈలోగా మళ్లీ దరఖాస్తు పెడుతున్నాడు. ఈసారి జతచేయడానికి సేఠ్ రాత కాక మరొకరి రాత కావాలి.

అది మీ చేతుల్లో ఉంది. ఎగ్జిబిషన్లో ద్రాక్షతీగల తెర కనిపిస్తే లేబుల్ చదవండి. చేతి చెక్కడం అని ఉంటే ఆ చేతులెవరివో పేరు అడగండి. బిల్లు మీద రాయించుకోండి. రాయకపోతే కొనకండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఆ లేబుల్ పారేయకుండా ఫోటో తీసి, ఆ తీగ గీసిన ఉస్తాద్‌కి కార్డివ్వమని ఒక ఉత్తరం జతచేసి సహారన్‌పూర్ కార్డుల దఫ్తరుకి పంపండి. ఉస్తాద్ పేరు ముస్తకీమ్. చలికాలం దగ్గరపడుతోంది.