దీనమ్మ ఆరా తీసిన ఓడ

ఎవరిది ఏ ఊరో, ఎవరి నాన్న ఏం చేసేవాడో ఆరా తీయకపోతే దీనమ్మకు పొద్దుపోదు. అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌కు కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు సామాన్లు విప్పుకోకముందే వాళ్ళ ముత్తాత పేరు ఆవిడకు తెలిసిపోయేది. నర్సయింది కాబట్టి సరిపోయింది గానీ, పోలీసయి ఉంటే డెట్రాయిట్‌లో దొంగలు బతికేవారు కాదు.

అలాంటి మనిషికి సొంత తండ్రి సంగతే తెలియదు. ఆయన పేరు సుందర్ రాజ్. విశాఖపట్నంలో ఎల్డన్‌మూర్ అనే ఇంగ్లీషు ఓడ ఎక్కి, దాని బాయిలర్లకు బొగ్గు వేసేవాడు. యుద్ధం వచ్చాక ఆ పాత సరుకుల ఓడకు వెనకవైపు ఒక ఫిరంగి బిగించి, మాంగనీసు నింపి, ఆఫ్రికా చుట్టూ తిప్పి ఇంగ్లండు పంపేవారు. నలభై రెండులో జర్మన్లు దాన్ని ముంచేశారు. కొందరు ప్రాణాలతో దొరికారనీ, సుందర్ రాజ్ మాత్రం గల్లంతయ్యాడనీ కబురొచ్చింది. గల్లంతంటే పోయినట్టు కాదని దీనమ్మ తల్లి సువార్తమ్మ పట్టుబట్టింది. వాళ్ళ చర్చి సంఘంలో పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యరు, బతికున్నవాళ్ళ కోసమే చేస్తారు. అందుకే ఆవిడ ప్రతి ఆదివారం లేచి నిలబడి పెనిమిటి కోసం ప్రార్థించేది. కూతురి దగ్గరికి మిషిగన్ వచ్చాక కూడా మానలేదు.

1983 చలికాలంలో దీనమ్మ వార్డుకు పైక్ అనే ముసలి ఇంగ్లీషాయన వచ్చాడు. ఆపరేషన్ మత్తు దిగుతుండగా "మంచినీళ్ళు" అన్నాడు. అచ్చంగా తెలుగులోనే. ఇంక దీనమ్మ ఊరుకుంటుందా? డ్యూటీ దిగినా ఇంటికి వెళ్ళకుండా, ఆయనకు తెలివి బాగా వచ్చేదాకా ఉండి, కుర్చీ లాక్కుని కూర్చుంది. తెలుగు ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, ఓడలో బొగ్గు వేసేవాళ్ళ దగ్గరని చెప్పాడు. ఏ ఓడ అని అడిగింది. ఎల్డన్‌మూర్ అన్నాడు.

ఆయన అందులో నాలుగో ఇంజనీరు. జర్మన్లు వదిలిన టార్పెడో బాయిలర్ల గదికి తగిలింది. నీళ్ళు ఇంజను గదిలోకి రాకుండా మధ్యనున్న ఇనప తలుపు మూసెయ్యమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆయనే మూశాడు. అవతల నలుగురున్నారు. వాళ్ళలో సుందర్ ఒకడు. తలుపు మీద కొంతసేపు కొట్టారు. ఆ తలుపు ఆపబట్టే ఓడ ఇంకాస్త తేలింది, మిగతావాళ్ళు పడవల్లోకి దిగగలిగారు. ఈ సంగతి ఆయన కన్నకూతురికి కూడా చెప్పలేదట. ఇప్పటికీ సరిగ్గా నిద్రపోడట.

"సుందర్ మా నాన్న" అంది దీనమ్మ.

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. దీనమ్మకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఆయన దుప్పటి సర్ది వచ్చేసింది.

"అత్తయ్యకి చెప్పకు" అన్నాడు ఇంట్లో ఇదంతా విన్న ఆమె భర్త జోసఫ్. "ఆవిడకి ఆ ప్రేయర్ ఒక్కటే కదా మిగిలింది. అదీ స్టాప్ చేయిస్తావా?"

"ఇన్నేళ్ళుగా అమ్మ దేవుణ్ణి అడుగుతున్నదానికి ఆన్సర్ నా దగ్గర పెట్టుకుని, పక్కన నిలబడి ఆమేన్ ఎలా అనమంటారండీ?"

సువార్తమ్మ వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అంతా వింది.

"తలుపు కొట్టాడా?" అంది.

"కొట్టారంటమ్మా."

ఆవిడ చిక్కుడుకాయలు పక్కకు నెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నలభై ఏళ్ళుగా దాచుకున్న ఏడుపు. అనవసరంగా ఆరా తీశానని దీనమ్మ తనను తానే తిట్టుకుంది.

ఆదివారం అద్దె చర్చి బేస్‌మెంట్‌లో తెలుగువాళ్ళు కూడారు. ప్రార్థన వేళ అందరూ అలవాటుగా సువార్తమ్మ వైపు చూశారు. ఈసారి అమ్మ లేవదనే అనుకుంది దీనమ్మ. ఆవిడ కుర్చీ పట్టుకుని లేచింది.

"ప్రభువా, ఆస్పత్రిలో పైక్ అనే ఆయనున్నాడు. నిద్ర పట్టట్లేదంట. ఆయన్ని పడుకోనియ్యి తండ్రీ."

అందరూ ఆమేన్ అన్నారు. దీనమ్మకు మాత్రం ఆ మాట అనడానికి కాస్త సమయం పట్టింది.