షాపు అద్దంలో ఆకుపచ్చ కుర్తీ

మా అమ్మాయి యూనివర్సిటీకి వెళ్ళగానే, వాళ్ళమ్మ కుట్టిన బట్టలన్నీ ఎవరికో ఇచ్చేసిందని మా చుట్టాల్లోనూ చర్చిలోనూ ఒక మాట ఉంది. ఎవరైనా ఆ మాట ఎత్తితే, ‘ఈ కాలం పిల్లలు అంతేనండీ’ అన్నట్టు నేనూ తలాడించేవాణ్ణి. ఇచ్చేసింది పిల్ల కాదు, నేను. తలాడించానే గాని ఆ ఒక్క ముక్క చెప్పలేదు.

మేం లండన్ పక్కన హేస్‌లో ఉంటాం. నాది ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో పని, మా ఆవిడది ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో. పిల్లకి షెఫీల్డ్‌లో సీటు ఖాయమైన దగ్గర్నుంచి మా ఆవిడ డ్యూటీల మధ్య ఖాళీ దొరికితే చాలు, కుట్టు మిషన్ ముందు కూర్చునేది. గుంటూరు నుంచి ఎవరొస్తున్నా వాళ్ళ సూట్‌కేసులో కొంచెం గుడ్డ ఉండాల్సిందే. “నలుగురిలో తిరగాల్సిన పిల్ల, పద్ధతిగా కనిపించాలి” అంటూ కుర్తీలు, వాటికి ప్యాంట్లు, చున్నీలు కుట్టింది. చున్నీలకి పికో కూడా చేసింది.

అదే వేసవిలో పిల్ల కూడా తన స్టైల్ మార్చుకునే పనిలో పడింది. నాకర్థమైనంతలో ఆ స్టైల్ ఏమిటంటే, ప్యాంటులో ఇద్దరు పట్టాలి, స్వెట్టర్ ఎవరి తాతదో అయ్యుండాలి, మొత్తం మీద మనిషి చావుకి వెళ్ళొస్తున్నట్టుండాలి. అన్నీ చారిటీ షాపుల్లో, అంటే జనం వద్దని ఇచ్చేసిన పాత బట్టలు అమ్మేచోట, ఏరుకొచ్చేది. “కొత్తవి కొనివ్వలేనా నేను?” అంటే “ఇట్స్ వింటేజ్, డాడీ” అని జాలిగా చూసేది.

బట్టల గురించి మాట్లాడే అర్హత నాకూ లేదు. నేను ఈ దేశానికి చదువుకోడానికి వచ్చినప్పుడు మా ఊరి టైలరు కుట్టిన మూడు ముక్కల సూటు, టై వేసుకుని మొదటి క్లాసుకి వెళ్ళాను. మిగతావాళ్ళు నైట్ ప్యాంట్లలో వచ్చారు. ఒకమ్మాయి తిన్నగా నా దగ్గరికొచ్చి, అసైన్‌మెంట్‌కి ఇంకో వారం గడువివ్వమని బతిమాలింది. ఇచ్చాను.

పిల్లని షెఫీల్డ్‌లో దింపే రోజు మా ఆవిడకి డ్యూటీ పడింది. నేనొక్కణ్ణే తీసుకెళ్ళాను. హాస్టల్ గదిలో సామాన్లు సర్దాక పిల్ల ఒక సూట్‌కేసు నా వైపు తోసింది.

“డాడీ, ఇవి నేను వేసుకోలేను.”

“వేసుకోకు. బీరువాలో పడెయ్. ఎవరు చూడొచ్చారు?”

“మమ్మీ వీడియో కాల్‌లో అడుగుద్ది. ఐ కాంట్ లై టు హర్. ఇంటికి తీసుకెళ్ళి జాగ్రత్తగా పెట్టండి. నేనే మెల్లగా చెప్తా. ప్లీజ్.”

పద్దెనిమిదేళ్ళ పిల్ల అబద్ధమాడలేనంది. యాభై దగ్గర పడుతున్న నేను సరేనని సూట్‌కేసు అందుకుని, కారు ఎక్కగానే అబద్ధాలు వెతకడం మొదలుపెట్టాను. ఇంటికెళ్ళాక డిక్కీ తెరిచేది మా ఆవిడే. ఇదెందుకు తిరిగొచ్చిందంటే ఏం చెప్పాలి? రెండు వీధులు దాటానో లేదో ఒక చారిటీ షాపు కనిపించింది. సూట్‌కేసుతో సహా బట్టలన్నీ తీసుకెళ్ళి కౌంటరు మీద పెట్టేశాను. అక్కడున్న పెద్దావిడ నేను చాలా దయగలవాణ్ణంది. నేను కాదనలేదు. పిల్లకి మాత్రం ఫోన్ చేసి, గోడౌన్‌లో నా లాకర్లో భద్రంగా ఉన్నాయని చెప్పాను.

ఆ ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పేవాళ్ళని లేవమంటే నేనూ లేచాను. క్షేమంగా వెళ్ళి క్షేమంగా వచ్చినందుకు స్తోత్రం చెప్పాను. సూట్‌కేసు సంగతి దేవుడికి ఎలాగూ తెలుసు కదా అని వివరాల్లోకి పోలేదు.

నెల తిరక్కముందే మా ఆవిడకి పిల్ల మీద బెంగ పుట్టింది. ఇద్దరం వెళ్ళాం. ఆ రోజే వాళ్ళమ్మకి బట్టల సంగతి చెప్పేస్తానని పిల్ల నా చెవిలో అంది. ముగ్గురం భోజనానికి నడుస్తుంటే మా ఆవిడ ఒక షాపు ముందు ఆగిపోయింది. అద్దం వెనకాల తలలేని బొమ్మ. దాని ఒంటి మీద ఆకుపచ్చ కుర్తీ, పైన జీన్స్ జాకెట్, కింద బూట్లు. నిజం చెప్పాలంటే బాగుంది.

“ఏమండీ, అది నేను కుట్టింది కదూ?”

“లోకంలో ఆకుపచ్చ గుడ్డ నీ ఒక్కదానికే దొరికిందా ఏంటి?” అన్నాను.

ఆవిడ లోపలికెళ్ళి, కుర్తీ చెయ్యెత్తి చంక కింద చూసింది. కుట్టేటప్పుడు గుడ్డ చాలక తను అక్కడ అతికిన లేత ఆకుపచ్చ ముక్క అలాగే ఉంది. బయటికొచ్చాక గొంతు పెంచలేదు.

“నచ్చకపోతే నాతో చెప్పొచ్చుగా తల్లీ. ఊళ్ళోవాళ్ళకి ఇచ్చేస్తావా?”

పిల్ల నా వైపు చూసింది. లాకరు కథ ఏమైందో దానికి అర్థమైపోయింది. నోరు తెరవాల్సింది నేను. తెరిచాను కూడా.

“పదండి, పార్కింగ్ టైమ్ అయిపోతోంది” అన్నాను.

ఇంకా బోలెడు టైముంది. పిల్ల కాసేపు నా కోసం ఆగి, “సారీ, మమ్మీ” అంది.

అప్పట్నుంచి వాళ్ళిద్దరి ఫోన్లు “తిన్నావా? సరే, ఉంటా”కి దిగిపోయాయి. క్రిస్మస్‌కి ఎప్పుడూ కొత్త బట్టలు కుట్టే మనిషి, గిఫ్ట్ కార్డు చేతిలో పెట్టి “నీకు నచ్చింది కొనుక్కో” అంది. అది వింటూ నేను కేకు తింటున్నాను. సంగతి బయటికి పొక్కి, చర్చి ఆంటీలు పిల్లని చూసే చూపు మారింది. అది ఎవర్నీ ఏమీ అనలేదు. నన్ను కూడా.

ఈస్టర్ సెలవులకి వచ్చినప్పుడు పిల్ల తన గోనెసంచి ప్యాంటొకటి పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. “మమ్మీ, దీని నడుము కొంచెం బిగిస్తావా?” అని అడిగింది. అది వచ్చింది ప్యాంటు కోసం కాదని నాకు తెలిసిపోయింది.

“షాపులో ఇచ్చుకో అమ్మా. నాకంత బాగా కుట్టడం రాదు” అంది మా ఆవిడ, బియ్యం కడుగుతూ.

పిల్ల ప్యాంటు మడిచి చంకలో పెట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు కూడా గట్టిగా వెయ్యలేదు. వేసుంటే బాగుండేది. నేను వెళ్ళి కుళాయి కట్టేసి, షెఫీల్డ్‌లో ఏం జరిగిందో మొత్తం చెప్పాను.

ఆవిడ తడి చేతుల్తో అలాగే నిలబడింది. “నడిరోడ్డు మీద పిల్లని అలా ఎలా నిలబెట్టారండీ?”

“భయమేసింది.”

“నేనేమన్నా పులినా?”

నేను కట్టేసిన కుళాయినే ఇంకోసారి బిగించాను.

“చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పారు” అంది. కళ్ళు తుడుచుకుని, “బట్టలు పోతే పోయాయి. ఇన్నాళ్ళు దాన్ని దూరం పెట్టానే నేను. తప్పు మీదని నాకు కాదు, ముందు దానికి చెప్పండి. నా ఎదురుగా చెప్పండి” అంది.

పిల్ల గది తలుపు కొట్టాను. వెనకాల మా ఆవిడ. పిల్ల చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇంగ్లీషులో అయితే ఒక్క సారీతో గట్టెక్కేవాణ్ణి. తెలుగులోనే చెప్పాను.

“అమ్మా, ఆ బట్టలు ఇచ్చేసింది నేను. నీకు అబద్ధం చెప్పింది నేను. మీ అమ్మ అడిగినప్పుడు నిన్ను ముందుకి తోసి నేను పక్కకి తప్పుకున్నాను. ఇన్నాళ్ళూ నీ మీద మాట పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. తప్పు నాది తల్లీ. నన్ను క్షమించు.”