కామమ్మ గొంతులో ముల్లు

విడవలూరుకు తూర్పున ఉన్న ఆ సముద్రపొడ్డు పల్లెలో ఎవరి గొంతులో చేపముల్లు గుచ్చుకున్నా కామమ్మ గుడిసెకే పరుగెత్తేవారు. ఆమె చద్దన్నం గట్టిగా పిసికి, నిమ్మకాయంత ముద్ద చేసి నోట్లో పెట్టేది. "నమలబాక, మింగు!" అని వీపు మీద ఒక్కటి చరిచేది. ముల్లు దిగిపోయేది. నలభై ఏళ్లలో ఏ ముల్లూ ఆమెను ఓడించలేదు.

పందొమ్మిదివందల అరవై రెండులో, అరవై దాటిన ఆమె గొంతులోనే ఏదో అడ్డుపడింది. ముల్లే అనుకుంది. నలుగురికీ తెలిస్తే ఇంక తన గడప ఎవరు తొక్కుతారు? నలభై ఏళ్ల మేలు మరిచిపోవడానికి ఊరికి ఒక్క పూట చాలు. అందుకే తలుపు వేసుకుని తన వైద్యం తనకే చేసుకుంది. రోజుకు మూడు ముద్దలు. సాయంత్రం ఎండుచేపలు ఎత్తుదామని వంగితే పొద్దుటి మెతుకులు అరక్కుండా అలాగే నోట్లోకి వచ్చేవి. నీళ్లు తాగితే మెడలో గుడగుడమనేది.

"ఏందొదినా, మెడలో కప్పను పెంచతుండావా?" అంది పక్కింటి పేరమ్మ.

"పెంచతుండా. నీకంటే తక్కువే అరుస్తాదిలే."

"ముల్లేమో చూసుకో మరి!"

కామమ్మ పైట చెంగు మెడకు చుట్టుకుని గబగబా లోపలికి పోయింది.

ఏడాదికి ఆమె రవిక వదులైపోయింది. "తెడ్డు మాదిరి అయిపోయినావు, పదమ్మా" అని కొడుకు ముత్యాలయ్య నెల్లూరు బస్సెక్కించాడు. తోడుకని పేరమ్మా ఎక్కింది. ముల్లు సంగతి తేలేదాకా ఆమెకు నిద్రపట్టదు.

డాక్టరు సున్నపునీళ్లలాంటి తెల్లమందు తాగించి ఎక్స్‌రే తీశాడు.

"గొంతు గోడ వెనక్కి ఉబ్బి సంచిలా అయిందమ్మా. పెద్దవయసులో కొందరికి వస్తుంది. తిన్నది అందులో నిలిచిపోతోంది."

"మరి ముల్లు?"

"ముల్లేం లేదు. ముద్దలు మింగి మింగి ఆ సంచినే నింపుతున్నారు. ఆపరేషన్ చెయ్యాలి."

ముత్యాలయ్య మొహం పాలిపోయింది. కామమ్మ మాత్రం గదంతా వినబడేలా, "వింటివా పేరమ్మా, ముల్లు లేదంట! కోసెయ్ నాయనా!" అంది.

ఆ డాక్టరు మద్రాసు పంపితే, అక్కడ ఆ సంచి తీసేశారు. నెలన్నరకు ఇంటికొచ్చి కవళ్ల చేపల పులుసుతో రెండు పళ్లేల అన్నం తింది. మెడలో చప్పుడు లేదు.

మర్నాడే పేరమ్మ గొంతు పట్టుకుని వచ్చింది. కామమ్మ తీరిగ్గా ముద్ద పిసికింది.

"మింగు. దీంతో దిగితే సరి. దిగకపోతే రెండో ముద్ద లేదు, నెల్లూరు బస్సే!"

ఆ మాట చాలు, పేరమ్మ ముల్లు దిగిపోయింది.