చివరి ముద్ద దాకా

పుత్తూరులో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు, ఏదో ఆఫ్రికా దేశం పిల్లవాడు. తిరుపతిలో చదువుకుంటూ కాలేజీ తరఫున బాస్కెట్‌బాల్ ఆడతాడట. తెలుగు మాత్రం మన యాసే. విరిగిన కుడిచేతికి అప్పుడే వేయించుకున్న పుత్తూరు కట్టు.

ఫోను మోగింది.

"ఆంటీ, మాయమ్మ. కట్టు సూస్తే ఆట మానేసి ఇంటికొచ్చేయమంటాది. రోంత దాయండి."

"కన్నతల్లికాడ దాపరికమా?" అని విసుక్కుంటూనే నా తువ్వాలు కప్పాను.

వీడియోలో ఆమె రెండు మాటలాడి ఆగిపోయింది. ఎప్పుడూ కుడిచేత్తో పట్టుకునేవాడు ఫోను ఎడమచేత్తో పట్టుకున్నాడు మరి, అనుమానం రాదా? నన్ను పట్టుకోమన్నా పోయేది, ఆమాత్రం తెలివి లేదు.

తువ్వాలు తీసి చూపించక తప్పలేదు. ఆమె అరవలేదు. వాళ్ల భాషలో ఏదో అడిగింది.

"ఏమంటాంది?" అన్నాను.

"అన్నం ఎవురు పెడతాండారు అంటాంది," అని తల దించుకున్నాడు.

పెట్టేవాళ్లెవరూ లేరని అర్థమై నాకు ఒళ్లు మండింది. క్యారియర్ తెరిచి చిత్రాన్నం ముద్దలు చేసి నోటికి అందించాను. కారానికి మొహం చిట్లించాడు.

"మింగప్పా, మీయమ్మ సూస్తాంది."

ఆమె చివరి ముద్ద దాకా చూసి, ఒక్క మాట అని ఫోను పెట్టేసింది.

"ఈడనే ఉండమనింది ఆంటీ," అన్నాడు.

నా మధ్యాహ్నం తిండి పోయిందని తిరుపతి దాకా గొణుగుతూనే ఉన్నాను. రాత్రికి వాడికి ఎవరు పెడతారో మాత్రం అడగనే లేదు. ఆ విసుగు నా మీద నాకు ఇంకా పోలేదు.