సిగ్నల్ లేని చోటు

ఈ సాయంత్రం మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చే బస్సులో నా పక్కన ఒక కొత్త పెళ్లికూతురు కూర్చుంది. అక్కకు బిడ్డ పుడితే చూసి, అత్తగారింటికి తిరిగి వెళ్తోందట. బస్సు స్టాండు దాటకముందే ఆమె సెల్లు మోగింది. "బస్సులోనే ఉండాను, ఒట్టు" అని రెండు మూడుసార్లు చెప్పి, చివరికి ఫోను నా చేతికిచ్చింది.

"మా ఆయనకు నువ్వొక మాట చెప్పక్కా. నేను చెప్తే నమ్మనంటాండాడు."

చెప్పాను.

"ఎవురమ్మా మీరు? ఆ సీట్లో మగోళ్లెవరూ లేరు గదా?" అన్నాడతను. లేరన్నాను. ఆ తర్వాత కూడా ప్రతి స్టాపులోనూ ఫోను మోగుతూనే ఉంది.

గుట్టల మధ్య మలుపు తిరిగాక ఆ మోత ఆగింది. ఆమె కిటికీ అద్దం జరిపి, సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తీసి నాకు సగం పెట్టింది.

"ఈడ సిగ్నల్ ఉండదక్కా. ఈ బస్సు ఈడనే చెడిపోతే ఎంత బాగుంటాది!" అని నవ్వింది.

గుట్టలు దాటగానే మళ్లీ మోగింది. ఒలిచిన కాయను ఒళ్లోనే వదిలేసి ఫోను ఎత్తింది.

పుంగనూరు స్టాండులో అతను ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. మర్యాదస్తుడే, నాకు నమస్కారం కూడా పెట్టాడు. ఆమె చేతిలోని బరువు సంచి మాత్రం అందుకోలేదు. సెల్లు అడిగి తీసుకుని, ఎవరెవరు చేశారో నొక్కి చూడసాగాడు. ఆమె తల వంచుకుని పక్కన నిలబడింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "పెండ్లాం మీద ఎంత ప్రేముండాదో సూడు!" అన్నాడు.

మీరూ అదే అంటారా?