వీరన్న కాళ్ల కింది మట్టి

కంబన్నకు చదువు రాదు. అయినా తన చేలో నిలబడ్డ రాతిని ఊళ్లో అందరికంటే తానే బాగా చదివినట్టు మాట్లాడేవాడు. ఆలూరు దిక్కున నల్లరేగడిలో అతను సేద్యం చేసుకునేది నాలుగెకరాలు. ఆ చేని గట్టున నడుమెత్తు వీరగల్లు ఒకటి ఉంది. కత్తి దూసిన మనిషి, వెనక రెండు ఆవులు, కాళ్ల దిగువన అయిదు వరసల పాత రాత. ఊరు దాన్ని వీరన్న అంటుంది.

"ఆవుల దొంగలతో కొట్లాడి సచ్చినోడప్పా. వాని కొడుకు పేరు కంబన్న. ఆ కొడుక్కే ఈ చేను ఇచ్చిరి. రాతలో అదే ఉండాది" అని తండ్రి చెప్పాడు. అందుకే ఆ ఇంట్లో తరం విడిచి తరానికి ఒక కంబన్న. పట్టా యాడప్పా అని ఎవరైనా అడిగితే ఇతను రాతిని చూపించేవాడు. నవ్వేవాళ్లు నవ్విపోయేవాళ్లు. గుప్తనిధుల పిచ్చి పట్టిన వెధవలు ఒకసారి గడ్డపారలతో వస్తే, అతనూ భార్య భీమమ్మా కారప్పొడి చల్లి తరిమారు.

ఊరికి ఇంకో ఆచారముంది. కోతలు మొదలుపెట్టే పొద్దున ప్రతి ఇంటి కొడవలీ వీరన్న కాళ్ల దగ్గర, ఆ రాతికే నూరాలి. అబ్బో, ఆ రోజు కంబన్న దర్జా చూడాలి! తలగుడ్డ చుట్టి పక్కనే నిలబడి, ఒక్కొక్కరి చేతా మూడుసార్లు నూరించేవాడు. "గట్టిగా రుద్దప్పా, ఏం తిన్లేదా?" అని కసిరేవాడు.

సోలారు కంపెనీ భూములు అడగడంతో చిక్కొచ్చింది. చూస్తే, ఆ నాలుగెకరాలు పక్కచేని రంగస్వామి పాసుబుక్కులో ఎక్కి కూర్చున్నాయి. రాయి కోర్టులో చెల్లదని లాయరు తేల్చేశాడు. కంబన్న పంచాయతీ ఆఫీసు ముందర నిలబడి గోల పెట్టాడు. పదిమంది చూస్తున్నారు కదా, రంగస్వామికి పెద్దరికం పొంగుకొచ్చింది.

"చదివే వాళ్లను పిలిపీ. రాతలో మీ కంబన్న పేరుంటే చేను ఇడిసిపెడతా. లేకుంటే నోరు మూసుకోని లేసిపోవాల. అందరి ముందర చెప్తాండా."

నంద్యాల నుంచి సుచరిత వచ్చింది. రిటైరైన తెలుగు లెక్చరరు, శాసనాలు చదవడం నేర్చిన మనిషి. తడి కాగితం రాతికి అతికించి, బ్రష్షుతో తట్టి, నల్ల సిరా అద్దింది. ఊరంతా చుట్టూ మూగి చూసింది. ఆవుల్ని మళ్లించి వీరుడు పడిపోయాడని చదివినప్పుడు కంబన్నకు కళ్లనీళ్లు ఆగలేదు. నాలుగో వరసలో చేను ఇచ్చిన మాట కూడా ఉంది.

"ఎవరికి ఇచ్చారన్నది అయిదో వరసలో ఉండాలి. ఆ వరస పూర్తిగా అరిగిపోయింది. ఇక్కడ ఏం నూరారు మీరు?" అంది సుచరిత.

అందరూ కంబన్ననే చూశారు.

"మట్టిలో ఇంకా వరసలు ఉండొచ్చు. పేరు అక్కడ మళ్లీ రావచ్చు. జానెడు తవ్వితే చాలు" అందామె.

కంబన్న రాతికి అడ్డం పడ్డాడు. "వద్దు తల్లీ! వీరన్న కాళ్ల కింద మట్టి తీస్తే ఆ ఇంట్లో మగబిడ్డ నిలవడు. మా నాయన నా చేత ఒట్టు ఏయించుకున్యాడు."

అతనికి ఉన్నది ఒక్కడే మనవడు.

"తవ్వనీయయ్యా, చేను పోతే ఆ బిడ్డ ఏం తినాల?" అని భీమమ్మ చెయ్యి పట్టుకుంటే విదిలించి పారేశాడు. రంగస్వామి గబగబా చెంపలు వేసుకున్నాడు. "ఆ పాపం మనకొద్దు మేడమ్, ఊరికే అరిష్టం" అన్నాడు. ఎంత భక్తి, ఎంత భక్తి!

చేను పోయింది.

రెండు నెలలకు సోలారు కంపెనీ కంచె వేసేవాళ్లకు వీరన్న అడ్డమయ్యాడు. ముట్టడానికి ఒక్క కూలీ ముందుకు రాలేదు. రంగస్వామి నేరుగా కంబన్న గడపలోకే వచ్చాడు.

"శాంతి చేయించినాలే. మీ తాతే కదప్పా, నిన్నేమంటాడు? నువ్వు తియ్యకుంటే జేసీబీతో లాగిస్తా. రెండు ముక్కలైతాది, నీ ఇష్టం."

వీరన్న ముక్కలవడం తట్టుకోలేక కంబన్న గడ్డపార అందుకున్నాడు. ఏడుస్తూనే తవ్వాడు. సరిగ్గా జానెడు లోతున రెండు వరసలు బయటపడ్డాయి, నిన్న చెక్కినంత నిగనిగగా. కోడలు శివజ్యోతి ఫోటో తీసి సుచరితకు పంపింది. కాసేపటికి ఫోను మోగింది. స్పీకరు పెట్టింది.

"వీరుని కొడుకు కంబన్నకు, అతని వంశానికి, సూర్యచంద్రులున్నంత కాలం. స్పష్టంగా ఉందమ్మా, మీ మామకు చెప్పు."

కంబన్న గుంతలో నుంచే రంగస్వామి వైపు తల ఎత్తాడు. "మాట ఇచ్చింటివే సామీ..."

"ఇచ్చింటి. ఆ పొద్దే తవ్వింటే చేను నీదే. నేనేమన్నా అడ్డం పడుకుంటినా? నువ్వే కదప్పా వద్దంటివి."

అబద్ధమనడానికి లేదు, పాడు మాట. భీమమ్మ దోసెడు మట్టి ఎత్తి కొట్టింది. రంగస్వామిని కాదు, మొగుణ్ణి.

రాయి ఇక రంగస్వామి ఇంటి గేటు ముందర నిలబెట్టాలట, అందం కోసం. తవ్వింది కంబన్న కాబట్టి పాపమంతా అతనికే చుట్టుకుంటుందని ధైర్యం తెచ్చుకుని, ముగ్గురు కూలీలు ట్రాక్టరు దిగి వచ్చారు. ఎత్తడానికి నలుగురు కావాలి.

కంబన్న వెళ్లి నాలుగో మూల పట్టుకున్నాడు.