చేతిలో ఇద్దరు కలెక్టర్లు

నూజివీడు దగ్గర ఉద్యోగం అనగానే బంధువులకి మనం మామిడి తోటల యజమానుల్లా కనిపిస్తాం. ఎండలు ముదిరేసరికి మా పెదనాన్నగారు కార్డు రాసేవారు, రసాల బుట్ట ఎప్పుడు పంపుతున్నావని. చివర్లో చోటు మిగిలితే క్షేమమా అని. రసాలు కొని తినే స్తోమతే మాకు లేదని ఆయనకి ఎవరు చెప్పాలి?

ఎనభయ్యో దశకం మధ్యలో నేనొక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పార్ట్‌టైము ఫిజిక్సు లెక్చరర్ని. పార్ట్‌టైము అంటే పని పూర్తిగా, జీతం పాక్షికంగా. వేసవి సెలవుల్లో అదీ ఉండదు. కరెంటు పోయినా ఫ్యాను కాసేపు తిరుగుతుంది, అదే జడత్వం అని పిల్లలకి చెప్పేవాణ్ణి. మే నెలలో మా ఇల్లు అలాగే నడిచేది.

ఆ ఏడు మా సీనియర్ రిటైరై, పర్మనెంటు పోస్టు ఖాళీ అయింది. నేనూ, ఉంగుటూరు నుంచి వచ్చిన మరొకాయనా పోటీ. కమిటీ ముందు చెరో పాఠం చెప్పాలి. ఈసారీ రాకపోతే పుట్టింటికి వెళ్లిపోతానని మా ఆవిడ అనలేదు. ట్రంకుపెట్టె మాత్రం దులిపి ఎండలో పెట్టింది.

నేను భ్రమణ చలనం ఎంచుకున్నాను. కాలేజీ మొత్తానికి తిరిగే కుర్చీ ఒక్కటే, కరెస్పాండెంటు గారిది. కొత్తదండీ, జాగ్రత్త అంటూ ఇచ్చారు. కొత్తదైనా కిర్రుమంటుంటే ఇరుసుకి నూనె వేశాను. బరువులకి రెండు పెద్ద కలెక్టర్ మామిడికాయలు తెచ్చాను. ఒక్క కలెక్టరు చేతిలో ఉంటే చాలు, ఏ పనైనా అయిపోతుందనే రోజులు. నాకు ఇద్దరున్నారు.

కదలని వస్తువు బయటినుంచి బలం పడితేనే కదులుతుందని మొదలుపెట్టి, కాయలతో చేతులు బార్లా చాపి కూర్చున్నాను. అటెండరు కుర్చీని ఒక్క తోపు తోశాడు. చేతులు గుండెకి లాక్కోగానే జోరందుకుంది, చాపితే నెమ్మదించింది. బరువు మారలేదు, అది ఇరుసుకి ఎంత దగ్గరగా ఉందన్నదే తేడా అని తిరుగుతూనే వివరించాను. కమిటీలో ఒకాయన చప్పట్లు కూడా కొట్టారు.

రెండో ఆయన పుస్తకం చూసి చదివారు. మధ్యలో రెండు పేజీలు ఒక్కసారే తిరిగిపోయాయి. ఆ సంగతి ఆయనా గమనించలేదు, కమిటీ కూడా గమనించలేదు.

పోస్టు ఆయనకే ఇచ్చారు.

సాయంత్రం కరెస్పాండెంటు గారి గదికి వెళ్లాను. నా కలెక్టర్లలో ఒకటి ముక్కలై, ఉప్పూ కారంతో టేబుల్ మీద ఉంది. తీసుకోమని ప్లేటు నా వైపు జరిపారు. పాఠంలో ఏం లోపం కనిపించిందో తెలిస్తే దిద్దుకుంటానన్నాను.

ఆయన కుర్చీ నా వైపు తిప్పారు. చప్పుడే కాలేదు.

"అబ్బే, పాఠం బ్రహ్మాండంగా చెప్పారు మాష్టారూ. మీ గురించే ఎవరూ చెప్పలేదండీ."